ఉప్పునీళ్ళు తాగిన ఇంజిన్‌కి లెక్కలో చోటేదీ?

తుఫాను వెళ్ళిపోయిన రెండో రోజో మూడో రోజో మత్స్యకార పల్లెలోకి నష్టం లెక్క రాసేవోళ్ళు వస్తారు. ఎన్ని తెప్పలు విరిగాయి, ఎన్ని వలలు కొట్టుకుపోయాయి అని అడుగుతారు, రాసుకుంటారు, ఫొటో తీస్తారు. పక్కన గోనె కప్పి పెట్టిన ఇంజిన్ జోలికి ఎవరూ పోరు. పైకి చూస్తే దానికి ఏటీ అవలేదు. సొట్ట లేదు, రంగు పోలేదు. కానీ దాని కడుపులో ఉప్పునీళ్ళున్నాయి. రాసేవోళ్ళు తిరిగి జీపెక్కేసరికే అది సగం పోయినట్టే.

ఇది తుఫానప్పుడే జరిగే పని కూడా కాదు. మామూలు రోజున ఒడ్డు కెరటం తెప్పని తిరగేసినా ఇదే గతి. అప్పుడైతే లెక్క రాసేవోళ్ళు కూడా రారు. "జాగర్త లేక పాడుచేసుకున్నాడు" అని ఊరే తీర్పు చెప్పేస్తాది. ఆ తీర్పు నిజమా, కాదా అన్నదే ఈ మాటల సారం.

ముంచేది నీళ్ళు, తినేది గాలి

లీటరు సముద్రపు నీళ్ళలో సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటాది. ఆ నీళ్ళు ఇంజిన్ లోపలికి పోతే వెంటనే తుప్పు మొదలవుతాది. అసలు నష్టం మాత్రం ఇంజిన్‌ని బయటికి తీసాక జరుగుతాది. ఉప్పు, తడి, గాలి మూడూ కలిసిన చోట బేరింగులు, క్రాంక్ షాఫ్టు, సిలిండర్ గోడలు గంటల్లోనే మచ్చలు పడతాయి. అల్యూమినియం బాడీకి స్టీలు బోల్టు తగిలిన చోట ఇంకా తొందరగా తింటాది. ఉప్పునీళ్ళ మధ్య రెండు రకాల లోహాలు ఒకదాన్నొకటి తాకితే అది చిన్న బ్యాటరీలాగ పనిచేస్తాది. బలహీనమైన లోహం కరిగిపోతాది. వైర్ల చివర్లు పచ్చగా మారిపోయి కరెంటు అందకుండా చేస్తాయి.

అంటే ఉప్పునీళ్ళు తాగిన ఇంజిన్‌కి మనం చెయ్యగలిగింది ఏటైనా ఉంటే అది మొదటి కొన్ని గంటల్లోనే. పాము కాటుకి వైద్యం ఎల్లుండి చేస్తామంటే ఎలాగుంటాది? మన సాయం పద్ధతి మాత్రం రోజుల లెక్కలో, వారాల లెక్కలో నడుస్తన్నాది. చిక్కంతా అక్కడే ఉంది.

ఇంజిన్ ఖరీదు

మన తీరంలో ఇప్పుడు ఎక్కువగా తిరిగేవి ఫైబర్ తెప్పలు. వెనకాల బిగించే ఔట్‌బోర్డ్ మోటారు, చాలామందికి 9.9 హార్స్ పవర్‌ది. కొత్తది కొనాలంటే లక్ష రూపాయలకి పైమాటే. ఫైబర్ పగిలితే ఊళ్ళోనే అతుకేసుకోవచ్చు. వల చిరిగితే ఇంటిల్లిపాదీ కూర్చుని అల్లుకోవచ్చు. ఇంజిన్ పోతే ఏటి చేస్తాం? షావుకారు కాడికి పోవాలి. ఆయన అప్పిస్తాడు, కాదనడు. తెచ్చిన చేప మాత్రం ఆయనకే వెయ్యాలి, ఆయన చెప్పిన రేటుకే వెయ్యాలి. ఇంజిన్ ఒక్కరోజులో పోతాది. ఆ అప్పు ఏళ్ళపాటు వేటలో వాటా తీసుకుంటాది.

ఇప్పుడు సర్కారు లెక్క చూద్దాం. విపత్తు సాయానికి కేంద్రం 2022-26 కాలానికి పెట్టిన నిబంధనల్లో పడవ పూర్తిగా పోతే 15,000 రూపాయలు, కొంత దెబ్బతింటే బాగుచేతకి 6,000, వల పూర్తిగా పోతే 4,000, కొంత చిరిగితే 3,000 అని ఉంది. ఇంజిన్ అని వేరే వరస లేదు. రాష్ట్ర ప్రభుత్వాలు ఒక్కోసారి దీనికి కొంత కలిపి ఇస్తాయి, నిజమే. 2023 నవంబర్‌లో విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు కాలిపోయినప్పుడు బోటు విలువలో 80 శాతం ఇస్తామని రాష్ట్రం ప్రకటించింది. అది మంచి పనే. అయితే బోటు కాలిపోతే కళ్ళకి కనపడతాది, టీవీలో కనపడతాది. ఇంజిన్ లోపల తుప్పు పడితే ఏ కెమెరాకీ చిక్కదు.

"ఇంజిన్‌కి కూడా డబ్బులిస్తామంటే పాత ఇంజిన్లన్నీ తెచ్చి ముందు పెడతారు" అని ఒక వాదన ఉంది. కొట్టిపారేసే మాట కాదు. కానీ దానికి దారి లేకపోలేదు. ప్రతి ఇంజిన్ మీద నంబరు ఉంటాది. తెప్ప రిజిస్ట్రేషన్ అప్పుడు ఇంజిన్ వివరాలూ ఇస్తన్నాం. లెక్క రాసే బృందంలో ఒక మెకానిక్‌ని కూర్చోబెడితే ప్లగ్గు విప్పి, ఆయిలు తీసి చూసి, ఉప్పునీళ్ళు పోయాయో లేదో అక్కడికక్కడే చెప్పేస్తాడు. దొంగ లెక్క వస్తాదన్న భయంతో నిజమైన నష్టాన్ని కూడా రాయకపోవడం న్యాయం కాదు కదా.

జాగర్త లేకనా, జెట్టీ లేకనా?

ఇక "జాగర్త లేదు" అన్న తీర్పు సంగతి. శ్రీకాకుళం జిల్లాకి సుమారు 190 కిలోమీటర్ల తీరం ఉంది. ఊరూరా తెప్పలు ఇసకలోంచి సముద్రంలోకి తోసుకుని పోవాలి, తిరిగి కెరటాల మీదుగా ఇసకలోకే రావాలి. ఒడ్డుకి దగ్గరయ్యే ఆ కాసేపే ప్రమాదం. కెరటం వెనకనుంచి లేస్తే ఇంజిన్ మునుగుతాది, తెప్ప అడ్డం తిరిగితే బోర్లా పడతాది. నీళ్ళతోపాటు ఇసక కూడా లోపలికి పోతాది. అడ్డుకట్ట కట్టిన హార్బర్‌లో ఇంజిన్ ఇలాగ మునిగే పరిస్థితి బాగా తక్కువ.

బుడగట్లపాలెం, పూడిమడక, ఉప్పాడ హార్బర్ల పేర్లు మనం ఏళ్ళుగా వింటన్నాం. శంకుస్థాపన పలకలు చూసాం, బడ్జెట్ మాటలు విన్నాం. ఈలోపు మన కుర్రాళ్ళు గుజరాత్‌లోని వెరావల్ పోయి పరాయి బోట్ల మీద కూలికి వేట చేస్తన్నారు. 2018 నవంబర్‌లో అలాగ పోయినవోళ్ళు పాకిస్తాన్‌కి చిక్కి, 2020 జనవరి దాకా కరాచీ జైల్లో ఉన్నారు. 2025లో వచ్చిన "తండేల్" సినిమా ఆ కథే. సినిమా చూసి చప్పట్లు కొట్టాం. సొంత తీరం వదిలి అంత దూరం ఎందుకు పోయారన్న ప్రశ్నకి జవాబుల్లో ఒకటి మాత్రం మన ఒడ్డునే ఉంది. ఇక్కడ తెప్ప కట్టుకునే చోటు లేదు.

ఇంకో సంగతి. "రోజూ వేట నుంచి వచ్చాక ఇంజిన్‌ని మంచినీళ్ళతో కడగాలి" అని అందరూ చెప్తారు. సరైన మాటే. కడగకపోతే లోపల నీళ్ళు తిరిగే దారుల్లో ఉప్పు గడ్డకట్టి ఇంజిన్ వేడెక్కిపోతాది. కానీ ఆ మంచినీళ్ళు ఎక్కడివి? చాలా పల్లెల్లో ఒడ్డు పక్క బోరు కొడితే అదీ ఉప్పగానే వస్తాది. ఇంట్లో ఆడోళ్ళు తాగే నీళ్ళకి బిందెలు లెక్కపెట్టుకునే చోట, ఇంజిన్‌కి రోజూ ఒక డ్రమ్ము నీళ్ళు పొయ్యమని చెప్పడం చెప్పేవోడికి తేలిక.

మన చేతిలో ఉన్నది

సర్కారు వచ్చేదాకా ఇంజిన్ ఆగదు. అందుకే తమ్ముళ్ళూ, ఈ నాలుగు మాటలు ఫోన్లో దాచుకోండి.

ఇంజిన్ మునిగితే ముందు తాడు లాగి స్టార్ట్ చెయ్యాలని చూడకండి. గాలి నొక్కుకుంటాది గానీ నీళ్ళు నొక్కుకోవు. సిలిండర్‌లో నీళ్ళుండగా బలంగా తిప్పితే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతాది. నడుస్తా నడుస్తా మునిగిన ఇంజిన్ అయితే ఆ రాడ్డు అప్పటికే వంగి ఉండొచ్చు. చేత్తో మెల్లగా తిప్పితే పట్టేసినట్టుంటే, లోపల ఇసక ఉందని అనుమానమొస్తే ఇంక తిప్పొద్దు, విప్పాల్సిందే.

అలాంటిది లేకపోతే పై మూత తీసి మొత్తం మంచినీళ్ళతో కడగండి. స్పార్క్ ప్లగ్గులు విప్పి, ఆ రంధ్రాలు కిందికి వచ్చేలాగ ఇంజిన్‌ని వంచి, తాడు మెల్లగా లాగి నీళ్ళు వెళ్ళగొట్టండి. ట్యాంకులో, పైపుల్లో, కార్బురేటర్‌లో ఉన్న ఇంధనం మొత్తం పారబోయండి. సిలిండర్‌లో ఆయిలు పోసి తిప్పండి. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ అయితే ఆయిలు మార్చాలి. పాలు కలిపిన టీ రంగులో వస్తన్నంతసేపు నీళ్ళున్నట్టే, మళ్ళీ మార్చాలి. గేరు ఆయిలూ అంతే. వైర్ల కనెక్షన్లు కడిగి ఆరబెట్టండి. ఆ తర్వాత అదే రోజు స్టార్ట్ చేసి, కాసేపు నడిపితే లోపలి తడి ఆరిపోతాది.

మెకానిక్ దొరకడానికి రేపటిదాకా పడతాదనుకోండి. అప్పుడు ఇంజిన్‌ని గాలికి వదిలెయ్యకండి. మంచినీళ్ళ డ్రమ్ములో పూర్తిగా ముంచి ఉంచండి. వినడానికి విడ్డూరంగా ఉంటాది గానీ, ఉప్పు తడితో గాలిలో ఉండడం కన్నా మంచినీళ్ళ అడుగున ఉండడమే మేలు.

రోజువారీగా అయితే డ్రమ్ములో ఇంజిన్ కాలు ముంచి పది నిమిషాలు నడిపితే చాలు. ఫ్యాను విప్పేసి నడపండి, చేతులకి ప్రమాదం. నీళ్ళు లేకుండా ఉత్తినే నడిపితే లోపల నీళ్ళు తోడే రబ్బరు ఇంపెల్లర్ కాలిపోతాది. కింద భాగంలో బిగించిన చిన్న జింక్ ముక్కని చూస్తా ఉండండి. ఇంజిన్ బదులు తాను కరిగిపోవడానికే దాన్ని పెట్టారు. దానికి రంగు వేస్తే పనిచెయ్యదు. సగం అరిగితే మార్చెయ్యాలి.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం ఉంటాది కదా, కడగని ఇంజిన్‌కి అదే గండం. ఆ ఉప్పుతోనే రెండు నెలలు మూలన పెడితే జూన్ 15 తెల్లారి స్టార్ట్ అవదు. పక్కోడు తొలి వేటకి పోతంటే మనం మెకానిక్ కోసం తిరుగుతాం. నిషేధం మొదలైన రోజునే కడిగి, ఇంధనం తీసేసి, లోపల ఆయిలు పట్టించి, గ్రీజు పెట్టి దాచుకోవాలి.

అడగాల్సినవి మూడే

ఒకటి, నష్టం రాసే ఫారంలో ఇంజిన్‌కి వేరే వరస. దాంతోపాటు ఆ బృందంలో ఒక మెకానిక్. రెండు, తెప్పలు దిగే ప్రతి చోటా ఇంజిన్లు కడుక్కోడానికి మంచినీళ్ళ ట్యాంకు. హార్బర్‌కి వందల కోట్లు కావాలి, సరే ఆగుతాం. నీళ్ళ ట్యాంకుకి అంత కాలం ఆగాల్సిన పనిలేదు, పంచాయతీ తలుచుకుంటే అవుతాది. మూడు, ప్రతి పల్లెలో ఇద్దరు కుర్రాళ్ళకి ఇంజిన్ పని నేర్పించి, పనిముట్ల పెట్టె చేతికివ్వాలి. నేర్పేచోట్లు దూరంగా లేవు. విశాఖలో కేంద్ర మత్స్య నౌకా శిక్షణ సంస్థ సిఫ్‌నెట్ ఉంది, అక్కడ మెరైన్ ఫిట్టర్ కోర్సు ఉంది. కాకినాడలో రాష్ట్ర మత్స్య సాంకేతిక సంస్థ ఉంది. డీజిల్ మెకానిక్ ఐటీఐ చేసి ఖాళీగా ఉన్న కుర్రాళ్ళు మన ఊళ్ళలోనే ఉన్నారు.

వచ్చే గ్రామసభలో ఈ మూడూ కాయితం మీద రాసి ఇవ్వండి, తీర్మానం పుస్తకంలోకి ఎక్కించండి. మళ్ళీ తుఫాను వచ్చాక లెక్క రాసేవోళ్ళు ఊళ్ళో దిగితే తెప్పనీ వలనీ చూపించి ఊరుకోకండి. గోనె తీసి, ఇంజిన్ నంబరు కూడా రాయించండి.