ఇంటి ముంగిట కారు మరమ్మతు: ఎంతవరకు?

కారు మరమ్మతు విషయమున మన అనంతపురము వైపు రెండు తెగల వారు కనిపించుచున్నారు. చిన్న నట్టు వదులైనను బండిని షెడ్డునకు తోలి, మిస్త్రీ చెప్పిన మొత్తము చెల్లించి వచ్చువారు మొదటి తెగ. సెల్‌ఫోనులో ఒక వీడియో చూచి, పానా పట్టుకొని బండి క్రిందికి దూరువారు రెండవ తెగ. మొదటివారు డబ్బు పోగొట్టుకొందురు. రెండవవారు ఒక్కొక్కప్పుడు ప్రాణమే పోగొట్టుకొందురు. ఈ రెంటికి నడుమ ఒక మార్గము కలదనియు, దానిని మన విద్యార్థులు నేర్చుకొనవలెననియు నా అభిప్రాయము. ముఖ్యముగా సస్పెన్షన్ గురించి, అనగా చక్రములకును బండి శరీరమునకును నడుమ నుండి కుదుపును తాము మ్రింగు స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు, బుష్షుల గురించి ఈ మాట చెప్పుచున్నాను.

ఈ భాగములు ఇచ్చట త్వరగా అరుగుటకు కారణము మన నేలయే. అనంతపురము వర్షచ్ఛాయా ప్రాంతము. ఏటి సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. 44వ నెంబరు జాతీయ రహదారిపై బెంగుళూరు దాక నీళ్లు తొణకకుండ పోవచ్చును. ఆ రహదారి దిగి కళ్యాణదుర్గము, రాయదుర్గము, మడకశిర పల్లెబాటలు పట్టినచో సంగతి వేరు. వచ్చిన రెండు వానలకు ట్రాక్టరు చక్రములు దిగబడి ఏర్పడిన గాడులు తరువాతి ఎండలకు రాయివలె గట్టిపడును. ఆపై ఎర్రదుమ్ము కమాను పట్టీల నడుమ చేరి రాచును. ఎండకు రబ్బరు బుష్షులు పగులును. వీనికి తోడు వేరుసెనగ మూటలు, నలుగురు కూర్చుండు చోట ఎనమండుగురు! మన వైపున పాత జీపో కారో కలవాడు ధనవంతుడని అనుకొనరాదు. బోరు ఎండిన పిమ్మట సేద్యము విడిచి బాడుగకు బండి తోలువారెందరో. బండి ఒక దినము షెడ్డులో నిలిచినచో వారికి ఆ దినము కూలి పోయినట్లే.

కమాను అనగా ఉర్దూలో విల్లు. లారీ ఇరుసుపై వంగియున్న ఉక్కు పట్టీల కట్టను చూచినవారికి ఆ పేరు ఎంత తగినదో తెలియును. మరమ్మతు అను మాటయు ఉర్దూ వాకిటి గుండ వచ్చినదే. మన రెండు భాషలు తరగతి గదిలో కంటె షెడ్డులోనే ఎక్కువ సఖ్యముగా నున్నవని నాకు తోచును.

ఇంటివద్ద చేయదగిన పనులలో మొదటిది పరీక్ష. బండి ఒక మూలను రెండు చేతులతో గట్టిగా అదిమి విడువవలెను. లేచి నిలిచినచో షాక్ అబ్జార్బరు బాగున్నట్లు. రెండు మూడుసార్లు ఊగినచో బలహీనపడినట్లు. దాని గొట్టముపై నూనె కారి దుమ్ము పేరుకొనియున్నచో లోపలి సీలు పోయినదన్నమాట. బండి ఒక ప్రక్కకు ఒరిగియున్నచో విరిగిన కమాను పట్టీకై వెదకవలెను. గతుకులో కటకటమను చప్పుడు వచ్చినచో బుష్షులను చూడవలెను. ఇంతమాత్రము తెలిసినవాడు షెడ్డునకు పోయినను సులభముగా మోసపోడు.

తరువాతిది చేతిపని. జీపునకు, బొలేరో వంటి బండి వెనుక ఇరుసునకు విడిగా అమర్చిన షాక్ అబ్జార్బరు మార్చుట కష్టము కాదు. ఒకటి పోయినను జతగా రెండును మార్చవలెను. రబ్బరు బుష్షుల విషయమున పెక్కుమంది మరచు సూక్ష్మ మొకటి కలదు. చక్రము గాలిలో వ్రేలాడుచుండగా బుష్షు బోల్టును పూర్తిగా బిగించినచో, బండి నేలకు దిగినప్పుడు రబ్బరు మెలిపడి, అట్లే నిలిచి, త్వరలో చినుగును. బండి బరువు చక్రములపై పడిన తరువాతనే తుది బిగింపు. ఇది తెలియక అంగడివానిని నిందించువారు కలరు.

ఇంటి పనికి ఇచ్చట హద్దు గీయవలెను. జాకీ బండిని లేపుటకే గాని మోయుటకు కాదు. కొందరు నాపబండలు, ఇటుకలు పేర్చి వానిపై బండిని నిలుపుదురు. అవి చెప్పి పగులవు. ఇనుప స్టాండ్లు లేనివాడు, చక్రములకు అడ్డు పెట్టనివాడు బండి క్రిందికి పోరాదు. ఇక 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800 మొదలు అనేకమగు చిన్న కార్ల ముందు భాగమున షాక్ అబ్జార్బరు, చుట్ట స్ప్రింగు ఒకే స్తంభముగా కూర్చబడియుండును. దీనినే మెక్‌ఫర్సన్ స్ట్రట్ అందురు. టన్ను బరువున్న కారులో ముందు చక్ర మొక్కదానిపై సుమారు 3 క్వింటాళ్ల భారము పడును. అంతటి భారము మోయు స్ప్రింగు, స్తంభమును ఊడదీసిన తరువాత గూడ అదిమిపెట్టబడియే యుండును. దానిని నొక్కిపట్టు సాధనము లేక పై నట్టు విప్పినచో ముఖముపైకి ఎగయును. 2014 వరకు తయారైన అంబాసిడరు ముందరి టార్షన్ బారు సంగతియు నిట్టిదే. మెలిపడిన కడ్డీలో దాగిన శక్తి కంటికి కనబడదు. ఇవి షెడ్డు పనులు. స్ట్రట్ విప్పిన పిదప అలైన్‌మెంటుకై ఎట్లును అచ్చటికే పోవలెను గనుక, ఇంట చేసిన మిగులునదియు తక్కువే.

సొంత మరమ్మతు మిస్త్రీల పొట్ట కొట్టుట కాదా అని అడుగువారుందురు. కాదు. అసలు విద్య ఆయన చేతిలోనే యున్నది. దానిని అందుకొనువారు లేకుండుటయే నిజమైన నష్టము. 14 ఏండ్ల లోపు పిల్లలను పనిలో పెట్టరాదని 2016 నాటి చట్టసవరణ శాసించినది; మంచిదే. కాని షెడ్డులో బాలుడు నేర్చుకొన్న దానిని కళాశాలలో యువకునకు నేర్పు ఏర్పాటు మనము చేసికొనలేదు. పెనుకొండ చెంత ఎర్రమంచి కియా కర్మాగారమునుండి 2019లో కార్లు వెలువడ నారంభించెను. అట్టి గడ్డపై షాక్ అబ్జార్బరును గుర్తింపలేని పట్టభద్రులుండుట వింత గాదా? కేంద్ర ప్రభుత్వము 2022లో ప్రారంభించిన మరమ్మతు హక్కు పోర్టల్‌లో వాహనములకును చోటిచ్చినది. ఆ వివరములు తెలుగునను ఉర్దూనను అచ్చై పల్లె షెడ్డు గోడపై వ్రేలాడిననే ఆ హక్కు మనకు చేరినట్లు.

మన వంటి కళాశాలలు చేయదగినది ఖరీదైన పని కాదు. నడక మానిన ఒక పాత జీపు, నాలుగు ఇనుప స్టాండ్లు, ఒక పానాల పెట్టె, వారమున కొక పూట, ఊరి మిస్త్రీ ఒకరు. ఆయనకు ఉపన్యాసకునితో సమానముగా కుర్చీయు, గౌరవవేతనమును ఇయ్యవలెను.