వాణిజ్య విద్య – సమాచార వ్యవస్థలు

కాకతీయ గణపతిదేవ చక్రవర్తి క్రీ.శ. 1244-45లో మోటుపల్లి రేవులో ఒక అభయశాసనం వేయించాడు. అంతకు పూర్వం తుఫానుకు చిక్కి తీరానికి కొట్టుకొనివచ్చిన ఓడలలోని సరుకునంతటినీ రాజులు స్వాధీనం చేసుకొనేవారు. గణపతిదేవుడు ఆ పద్ధతిని మాన్పించి, నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోబోమని వర్తకులకు మాట ఇచ్చాడు. చందనం, కర్పూరం, ముత్యాలు, దంతం, పట్టు, మిరియాలు మొదలైన సరుకుల మీద సుంకమెంతో వివరంగా రాతిమీద చెక్కించాడు. సముద్రాలు దాటి వచ్చే వర్తకునికి కావలసిన అభయం ఆ పట్టికలోనే ఉంది. చెల్లించవలసినది ఎంతో ముందే తెలుస్తుంది. సుంకరి తనకు తోచినట్లు మార్చడానికి వీలుండదు. వ్యాపారానికి మూలధనం ఎంత అవసరమో నమ్మదగిన సమాచారమూ అంతే అవసరం. నేటి సమాచార వ్యవస్థలు ఈ అవసరం నుండి పుట్టినవే.

శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్న చాటువులు పల్నాటిని జొన్నకూడు తప్ప మరొకటి దొరకని మెట్టసీమగా చూపుతాయి. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీరు వదిలిన తరువాత ఆ సీమ రూపురేఖలు మారాయి. నరసరావుపేట, గురజాల, మాచర్ల ప్రాంతాలు మిరపకు, పత్తికి పేరుపొందాయి. పిడుగురాళ్ల సున్నపు బట్టీలకు ప్రసిద్ధి కెక్కింది. 2022లో నరసరావుపేట కేంద్రంగా పల్నాడు జిల్లా ఏర్పడింది. ఈ నేలమీద జరిగే క్రయవిక్రయాలు చాలావరకు నేడు ఏదో ఒక కంప్యూటరులో నమోదవుతున్నాయి. 2016లో జాతీయ ఎలక్ట్రానిక్ వ్యవసాయ మార్కెట్టు, అదే సంవత్సరం యు.పి.ఐ. చెల్లింపులు, 2017లో జి.ఎస్.టి., 2018లో సరుకు రవాణాకు ఈ-వే బిల్లు వచ్చాయి. ఇటువంటి కాలంలో వాణిజ్యశాస్త్రం చదివే విద్యార్థికి సమాచార వ్యవస్థల ప్రాథమిక జ్ఞానం లేకపోవడం, ఖాతా పుస్తకం చదవడం రాని గుమాస్తాతనం వంటిది.

అయితే ఈ విద్య విషయంలో ఒక అపోహ వ్యాపించి ఉంది. మూడు నెలలు కంప్యూటరు కేంద్రానికి వెళ్ళి, ఒక లెక్కల సాఫ్ట్‌వేరులో పద్దులు ఎక్కించడం నేర్చుకొని, ధ్రువపత్రం తెచ్చుకుంటే చాలునని పలువురు తలుస్తున్నారు. మీటలు నొక్కడం నేర్చుకోవడం అవసరమే. కాని కంప్యూటరు సమాచార వ్యవస్థలో ఒక భాగం మాత్రమే. యంత్రం, సాఫ్ట్‌వేరు, దత్తాంశం, పనిచేసే పద్ధతి, మనుషులు అనే ఐదు అంగాలూ కలిస్తేనే వ్యవస్థ అవుతుంది. వీటిలో చివరి రెండింటిని మనం తరచుగా మరచిపోతున్నాం. వ్యవస్థలు ఎక్కువగా దెబ్బతినేది ఆ రెండింటి దగ్గరే.

మిరప వ్యాపారాన్నే ఉదాహరణగా తీసుకొందాం. ఒక రైతు 50 టిక్కీల మిరపకాయలు గుంటూరు యార్డుకు తెచ్చాడనుకొందాం. రైతు పేరు, ఊరు, కాయల రకం, తేమ, కాటా వేసిన తూకం, పలికిన ధర – ఇవన్నీ దత్తాంశాలు. విడివిడిగా ఇవి ఒట్టి నమోదులు. వీటిని ఒక క్రమంలో కూర్చి, రైతుకు ఎంత రావాలో, ఏ రకానికి ఈ వారం ధర పెరిగిందో తెలిపినప్పుడు అవి సమాచారంగా మారుతాయి. టిక్కీ ఒక్కింటికి 42 కిలోల చొప్పున మొత్తం 21 క్వింటాళ్లు. క్వింటాలు 15,000 రూపాయలైతే రైతుకు రావలసినది 3,15,000 రూపాయలు. ఎక్కించేవాడు పొరపాటున 42ను 24గా ఎక్కిస్తే లెక్క 12 క్వింటాళ్లకు, 1,80,000 రూపాయలకు దిగిపోతుంది. గుణకారంలో యంత్రం ఏ తప్పూ చేయలేదు. అయినా రైతుకు 1,35,000 రూపాయల నష్టం కలుగుతుంది.

ఈ నష్టాన్ని ఆపవలసింది వ్యవస్థ. టిక్కీ తూకం ఇంత నుండి ఇంతలోపు ఉండాలని ముందే హద్దు పెడితే, 24 అనే అంకెను కంప్యూటరు స్వీకరించదు. కాటా దగ్గర రైతుకిచ్చిన చీటీని, తరువాత తయారైన బిల్లును పోల్చిచూసే పద్ధతి ఉంటే తేడా వెంటనే బయటపడుతుంది. ఒకే ఊరిలో ఒకే ఇంటిపేరుతో నలుగురు వెంకటేశ్వర్లు ఉండవచ్చు. ఒకరి సొమ్ము మరొకరి ఖాతాలో పడకుండా ఉండాలంటే ప్రతి రైతుకూ ఒక విశిష్ట సంఖ్య ఉండాలి. విద్యార్థి మొదట గ్రహించవలసినవి ఈ సూత్రాలు.

ఆ తరువాత, ఒకే దత్తాంశం ఎవరికి ఏ రూపంలో కావాలో తెలుసుకోవాలి. శీతల గిడ్డంగిలో గుమాస్తాకు ఈ రోజు ఎన్ని టిక్కీలు వచ్చాయో, ఎన్ని వెళ్ళాయో కావాలి. మేనేజరుకు నెల మొత్తం మీద నిల్వ ఎంతో, బాకీలు ఎంతో కావాలి. యజమానికి వచ్చే ఏడాది గిడ్డంగిని విస్తరించవచ్చునా అన్న ప్రశ్నకు ఆధారాలు కావాలి. మొదటిది లావాదేవీల వ్యవస్థ, రెండవది నిర్వహణ సమాచార వ్యవస్థ, మూడవది నిర్ణయ సహాయక వ్యవస్థ. అడుగున గుమాస్తా ఎక్కించిన అంకె తప్పయితే పైన యజమాని తీసుకొనే నిర్ణయమూ తప్పుతుంది.

'ఇది కంప్యూటరు శాస్త్రం చదివినవారి పని. పైగా సాఫ్ట్‌వేర్లు ఏటేటా మారిపోతుంటాయి, ఇప్పుడు నేర్చుకొని ప్రయోజనమేమి?' అని కొందరు ఆక్షేపిస్తారు. మారేవి ఉపకరణాలు, సూత్రాలు కావు. 1494లో ఇటలీ గణితవేత్త లూకా పాచియోలీ వెనిస్ నగరంలో అచ్చువేయించిన గ్రంథంలో జంటపద్దు విధానాన్ని వివరించాడు. ఈకకలం పోయింది, కాగితపు చిట్టా పోతున్నది. కాని ప్రతి డెబిట్‌కూ సమానమైన క్రెడిట్ ఉండాలన్న నియమం మాత్రం నేటికీ నిలిచి ఉంది. ఇక సాఫ్ట్‌వేరు నిర్మించేవానికి ప్రోగ్రాము రాయడం తెలుస్తుంది గాని, తాలు కాయలకు, మేలు కాయలకు వేరువేరు పద్దులు ఎందుకుండాలో తెలియదు. అది చెప్పవలసినవాడు వాణిజ్యం తెలిసినవాడే.

అధికారం ఎవరి చేతిలో ఉందన్న ప్రశ్న కూడా ఈ విద్యలో ఉంది. ఒకప్పుడు గ్రామంలో భూమి లెక్కలన్నీ కరణం చేతిలో ఉండేవి. ఆ లెక్కలు చదవలేని రైతు ఆయన చెప్పినదే నమ్మవలసి వచ్చేది. 1984లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కరణాల వ్యవస్థను రద్దుచేసింది. 1998లో రిజిస్ట్రేషను కార్యాలయాలలో కంప్యూటర్లు ప్రవేశించాయి. 2011లో 'మీసేవ' వచ్చింది. దస్త్రం తెరమీదికి రావడం మంచిదే. కాని ఆ తెర వెనుక సంకేతపదం తెలిసినవాడు, అంకె మార్చగల హక్కు ఉన్నవాడు కొత్త కరణం కాగలడు. చదువుకొన్న యువకులు ఆ వ్యవస్థను అర్థం చేసుకోకపోతే పాత నిస్సహాయత కొత్త వేషంలో తిరిగివస్తుంది.

ఇందుకు నిదర్శనం మన రాష్ట్ర చరిత్రలోనే ఉంది. 1987లో స్థాపించిన సత్యం కంప్యూటర్ సర్వీసెస్ ప్రపంచమంతటా సంస్థలకు సమాచార వ్యవస్థలను నిర్మించి ఇచ్చింది. 2009 జనవరి 7న ఆ సంస్థ అధ్యక్షుడు బి. రామలింగరాజు, తమ లెక్కలలో చూపిన నగదు, బ్యాంకు నిల్వలలో 5,040 కోట్ల రూపాయలు లేనివని లేఖ రాశారు. ఏడువేలకు పైగా నకిలీ బిల్లులను కంప్యూటరు వ్యవస్థలోకి ఎక్కించి, వాటిని ఇతర విభాగాల వారికి కనబడకుండా దాచారని సి.బి.ఐ. అభియోగం మోపింది. 2015 ఏప్రిల్‌లో హైదరాబాదులోని ప్రత్యేక న్యాయస్థానం రామలింగరాజు సహా పదిమందిని దోషులుగా నిర్ణయించింది. అక్కడ యంత్రాలకు కొదువ లేదు, నిపుణులకు కొదువ లేదు. లోపించింది ధర్మబుద్ధి, దానిమీద నిఘా వేయగల తనిఖీ.

కంపెనీలు వాడే లెక్కల సాఫ్ట్‌వేరు ప్రతి మార్పునూ తేదీతో సహా నమోదు చేయాలనీ, ఆ నమోదును ఎవరూ నిలిపివేయడానికి వీలుండకూడదనీ విధించిన నియమం మన దేశంలో 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. పాత పద్దును కొట్టివేసినా దాని జాడ మిగలాలన్నది దీని ఉద్దేశం. ఈ నియమం ఎందుకు వచ్చిందో తెలిసిన విద్యార్థికి, దానిని కేవలం పరీక్ష కోసం కంఠస్థం చేసిన విద్యార్థికి ఎంతో అంతరం ఉంటుంది.

తెలుగు మాధ్యమంలో చదివిన గ్రామీణ విద్యార్థులు ఆంగ్ల పారిభాషిక పదాలను చూసి జంకుతారు. జంకవలసిన పనిలేదు. మహావీరాచార్యుని సంస్కృత గణిత గ్రంథాన్ని పావులూరి మల్లన ఏనాడో తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. శాస్త్రం ఏ భాషలో పుట్టినా మన భాషలో ఆలోచించినప్పుడే మనదవుతుంది. పదాలు ఆంగ్లంలో నేర్చుకోండి. భావాన్ని తెలుగులో మీ తల్లిదండ్రులకు వివరించగలరేమో పరీక్షించుకోండి.

కంప్యూటరు ముందు కూర్చోవడానికి ముందు మీ వీధిలోని కిరాణా దుకాణాన్నో, ఎరువుల అంగడినో గమనించండి. అక్కడి లెక్కలో ఒక అంకెను ఎన్నుకొని నాలుగు ప్రశ్నలు వేయండి: ఈ అంకె ఎక్కడ పుట్టింది? దీనిని ఎవరు నమోదు చేశారు? దీనిని మార్చే హక్కు ఎవరికి ఉంది? ఇది నిజమో కాదో సరిచూసేది ఎవరు? సమాధానాలను ఒక కాగితం మీద గీసి చూపగలిగితే మీకు ఈ శాస్త్రంలో అక్షరాభ్యాసం జరిగినట్లే. రేపు మీరు గుమాస్తాలైనా, ఆడిటర్లయినా, వ్యాపార యజమానులైనా, మీరు ఎక్కించే ప్రతి అంకె వెనుక ఒక రైతు పంట, ఒక కూలీ వేతనం, ఒక కుటుంబపు పొదుపు ఉంటాయి. ఆ అంకెకు మీరు జవాబుదారులు.