కాకి వాలినందుకే తాటిపండు రాలిందా?

జార్‌బ్రూకెన్‌లో మనవాళ్ళు నలుగురు కలిసినచోట ఈ మధ్య ఒక మాట తరచుగా వినవస్తున్నది: "మన శకునాలను వెక్కిరించారు గదా, యూంగ్ అంతటివాడే ఒప్పుకున్నాడు!" దీనికి మేము జవాబు చెప్పదలచాము.

కార్ల్ యూంగ్ స్విస్ మనోవైద్యుడు. అర్థవంతమైన కాకతాళీయాల మీద 1952లో ఒక పెద్ద వ్యాసం ప్రకటించాడు. అందులో అందరూ చెప్పుకొనే కథ ఇది. ఒక రోగి, తనకెవరో బంగారు పెంకుపురుగు ఇచ్చినట్టు వచ్చిన కలను చెబుతూండగా కిటికీ దగ్గర చప్పుడైంది. తెరిస్తే దాదాపు అలాంటి పురుగే! యూంగ్ దాన్ని పట్టి ఆమెకిచ్చాడు. తర్కంతో బిగుసుకుపోయిన ఆమె మనసు సడలింది. చికిత్స ముందుకు సాగింది.

కథ బాగున్నది. కాని ఆ పురుగు అక్కడి తోటల్లో మామూలుగా తిరిగేదే. కలలు చెప్పినా ఏ పురుగూ రాని రోజుల లెక్క ఎవరు రాశారు?

అదే వ్యాసంలో మనవాళ్ళు ఎత్తని సంగతి మరొకటున్నది. యూంగ్ దంపతుల జాతకాలు పరీక్షించాడు. మొదటి 180 జంటల్లో సూర్యచంద్రుల కలయిక ఆశ పుట్టించింది. మొత్తం 483 జంటలు చేరేసరికి ఆ ఆశ యాదృచ్ఛికంలో కలిసిపోయింది. ఈ మాట ఆయనే రాశాడు. అంకెలతోనే అన్నం సంపాదించుకునే మనం ఆ పేజీలు ఎందుకు దాటవేస్తున్నాం?

కాకతాళీయం అన్న మాటలోనే మన పెద్దల హెచ్చరిక ఉన్నది. కాకి వాలడం, పండు రాలడం ఒక్కసారే జరిగాయి, అంతే.

అలాగని కాకతాళీయాన్ని వైద్యుని గదిలోంచి తరిమేయమనడం లేదు. "అమ్మ పోయిన తేదీనే నా ఉద్యోగం పోయింది" అని ఒకరంటే, తేదీ చేసిందేమీ లేదు. కాని ఆ తేదీని పట్టుకు వేలాడుతున్న దుఃఖం నిజం. మంచి చికిత్సకుడు ఆ దుఃఖాన్ని గురించి అడుగుతాడు. శకునం చెప్పేవాడు తేదీకి శాంతి చేయిస్తాడు.

పిల్ల నెలల తరబడి నిద్రపోక, తిండి మాని, గది తలుపు వేసుకుంటే, ఊరికి ఫోన్ చేసి "ఏ దశ నడుస్తున్నది?" అని అడిగే ఇళ్ళు మనలో లేవా? మనం నెలనెలా డబ్బు కట్టే చట్టబద్ధ ఆరోగ్య బీమా 1967 నుంచి మానసిక చికిత్స ఖర్చు భరిస్తున్నది. 1999 నుంచి వేరే డాక్టరు చీటీ లేకుండానే మనోవైజ్ఞానిక చికిత్సకుల దగ్గరికి వెళ్ళవచ్చు. మొదటి సంభాషణకు సమయం కావాలంటే 116117కు ఫోన్ చేయవచ్చు. చికిత్స మొదలయ్యేందుకు చాలాకాలం పట్టవచ్చు. అందుకే ఆలస్యం తగదు.

మంచి ముహూర్తం కోసం ఆగవద్దని మా మనవి. పిల్ల నోరు విప్పిన ఘడియే మంచి ఘడియ.