మొక్కకో శిక్ష, మూటకో శిక్ష

నాలుగడుగుల డేరా, ఎల్‌ఇడి దీపం, వేడిగాలిని బయటకు పంపే ఫ్యాన్, వాసనను అరికట్టే కార్బన్ ఫిల్టరు - గదిలో మొక్కలు పెంచడానికి కావలసిన ఈ సామగ్రిని కొనడం నేరం కాదు. కూరగాయల నారుకూ ఇవే పనికివస్తాయి. అందులో గంజాయి విత్తు నాటితే మాత్రం పరిస్థితి మారిపోతుంది. ఏ దీపం మేలని ఆరా తీసే యువకులు ముందుగా తెలుసుకోవలసినది చట్టాన్ని.

1985 నాటి మాదకద్రవ్యాల నిరోధక చట్టం 20వ సెక్షన్ ప్రకారం అనుమతి లేని గంజాయి సాగుకు 10 ఏళ్ల వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. ఒక్క మొక్కైనా, ఎకరం తోటైనా ఒకటే. అదే కిలోకు తక్కువ గంజాయితో పట్టుబడిన వ్యక్తికి గరిష్ఠంగా పడేది ఏడాది జైలు, 10 వేల రూపాయల జరిమానా. 2001 నాటి సవరణ పరిమాణాన్ని బట్టి శిక్షలను వర్గీకరించినా, సాగుకు ఆ తూకాన్ని వర్తింపజేయకపోవడం గమనార్హం.

గంజాయి సాగును సమర్థించడం ఈ వ్యాఖ్య ఉద్దేశం కాదు. నియంత్రణ అవసరమే. అయితే అక్రమ వ్యాపారి తోటకూ, కుర్రవాడి కుండీకీ ఒకే గరిష్ఠ శిక్ష న్యాయమనిపించుకోదు. శిక్ష తగ్గించే విచక్షణ న్యాయమూర్తికి ఉన్నదనవచ్చు. కానీ తీర్పు వెలువడేవరకు నిందితుడు మోయవలసినది 10 ఏళ్ల శిక్షకు తగిన అభియోగాన్నే. మొక్కల సంఖ్యను బట్టి శిక్షను వర్గీకరించే బాధ్యత పార్లమెంటుదే.