ఖహ్వా మనకు పరాయిదా?

"మీ ఇళ్లలో చాయే కదా, ఫిల్టర్ కాఫీ రుచి మీకేం తెలుస్తుంది?" అన్నాడు తోటి జర్నలిస్టు ఒకాయన, నవ్వుతూనే. ఆయన్నే అనడమెందుకు, మన ఖాందాన్లలోనూ అదే ఖయాల్. చాయ్ మనది, కాఫీ వాళ్లది.

తారీఖ్ చూస్తే మామ్లా ఉల్టా. చాయ్‌ని ఇక్కడ ఇంటింటికీ అలవాటు చేసింది అంగ్రేజుల జమానా కంపెనీలు. ఖహ్వానేమో 15వ సదీలోనే యెమన్ సూఫీలు రాత్రి జిక్ర్‌లో నిద్ర రాకుండా తాగేవారు. 1511లో మక్కాలో ఖాయిర్ బేగ్ అనే అధికారి దాన్ని బంద్ చేయించాడు. కైరో సుల్తాన్ ఆ బందిష్ నిలవనివ్వలేదు.

హజ్ నుంచి వస్తూ బాబా బుడన్ మోకా రేవులో ఏడు పచ్చి గింజలు దాచి తెచ్చి, చిక్కమగళూరు కొండల్లో నాటారని రివాయత్. మన పిల్లలకు మోకా అంటే చాక్లెట్ కలిపిన కాఫీ! యెమన్‌లో పండును గింజతో సహా ఎండబెడతారు. ఆ పండు వాసన కాఫీలోకి దిగుతుంది. ఒలిచిన పొట్టునూ పారేయరు, అల్లం వేసి మరిగించి ఖిష్ర్ అని తాగుతారు.

కాఫీ మీద కబ్జా పెట్టమనడం లేదు నేను. చుక్క చుక్కగా డికాక్షన్ దింపే హునర్ దక్షిణాది వంటిళ్లది. అరకు కొండల్లో చెట్ల నీడన పండించే మెహనత్ ఆదివాసీలది. వాళ్ల హఖ్ వాళ్లదే. ఆ వరసలో మన బుజుర్గుల పేరూ ఉందని పిల్లలకు చెప్పమంటున్నా, అంతే.

ఈ రంజాన్‌లో తరావీహ్ తర్వాత ఓసారి ఫిల్టర్ పెట్టండి. పొడి కొనేటప్పుడు ప్యాకెట్ మీద చికోరీ శాతం చదవండి. కానూన్ 49 దాకా ఒప్పుకుంటుంది. నా నాలుకైతే 20 దాటితే ఒప్పుకోదు.