పురిటికి అమెరికా వెళ్ళే అమ్మలకు

అమ్మాయి పురిటికని అమెరికా వెళ్ళే అమ్మలు ఇప్పుడు వీధికి ఇద్దరు ముగ్గురు ఉంటున్నారు. పోయినేడు ఆ వంతు నాకూ వచ్చింది. నేను పడ్డ అవస్థ మీరు పడకూడదనే ఈ నాలుగు మాటలూ రాస్తున్నాను.

ఎన్ని పెట్టెలు, ఎన్నేసి కిలోలు తీసుకెళ్ళొచ్చో టిక్కెట్టు మీద చూసుకోండి. నాకు 23 కిలోల చొప్పున రెండిచ్చారు. ఇంట్లోనే తూకం వేసి, అరకిలో తక్కువే ఉంచండి. ఎయిర్‌పోర్టులో అందరి ముందూ పెట్టె విప్పి, ఆవకాయ తీయాలా, చీరలు తీయాలా అని తికమకపడటం ఎందుకు చెప్పండి!

పచ్చళ్ళు నూనె కారకుండా రెండు కవర్లలో చుట్టి పెద్ద పెట్టెలోనే పెట్టండి. బాలింతకు కావలసిన శొంఠిపొడి, వాము, కందిపొడి విడివిడిగా కట్టి పేర్లు ఇంగ్లీషులో రాయించండి. ఎండుకొబ్బరి వద్దు. అందులో నూనె ఎక్కువ, నిప్పంటుకుంటుందని విమానంలో ఒప్పుకోరు. గల్ఫ్ వెళ్ళేవారైతే గసగసాల జోలికే పోకండి. దుబాయిలో అది మత్తుమందు కింద లెక్క, జైల్లో పెడతారు.

అక్కడ దిగగానే "తిండి వస్తువులున్నాయా?" అని అడుగుతారు. లేవని చెప్పేయమంది మా పక్కింటావిడ. నేను మాత్రం ఉన్నాయనే చెప్పాను. కరివేపాకు ఒక్కటి తీసి పారేశారు, అంతే. ఆ ఆకుతో నిమ్మ, నారింజ తోటలకు చీడ వస్తుందట. దాచి దొరికిపోతే మాత్రం జరిమానా తప్పదు.

ఇక నేను చేసిన అసలు తప్పు. బి.పి. బిళ్ళలు పెద్ద పెట్టెలో పెట్టాను. ఆ పెట్టె కాస్తా రెండు రోజులు ఆలస్యంగా వచ్చింది. అక్కడ డాక్టరు చీటీ లేనిదే ఆ మందులివ్వరు. నాకేమో కళ్ళు తిరిగి మంచమెక్కాను. నెలలు నిండిన పిల్ల నా పక్కన కూర్చుని అన్నం కలిపి పెట్టింది. చేయడానికి వెళ్ళినదాన్ని, చేయించుకున్నాను. ఇప్పటికీ తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

అందుకే మందులు అట్టలతో సహా, డాక్టరు చీటీతో చేతిసంచిలోనే పెట్టుకోండి. అమ్మాయి చిరునామా, ఫోను నంబరు కాగితం మీద రాసి పర్సులో ఉంచండి. ఇన్సూరెన్సు ఇక్కడే కట్టండి, పాత జబ్బులకు వర్తిస్తుందో లేదో ముందే చదివించుకోండి.

మనం బాగుంటేనే కదండీ, పిల్లకు పురుడు పోసేది!