అతిథి కంపెనీలు - ఆతిథ్యపు ఖర్చు

వికారాబాదు నుండి తాండూరు పోవు రైలులో కూర్చున్నవారికి కందిచేలు, నాపరాతి గనులు కనబడును. ఈ ప్రాంతము 2016 వరకు రంగారెడ్డి జిల్లాలోనిది. ఆ జిల్లాలోనే, కొంగరకలాన్ వద్ద, 2023 మే నెలలో తైవాను సంస్థయైన ఫాక్స్‌కాన్ కర్మాగారమునకు శంకుస్థాపన జరిగినది.

అమెరికా, చైనాల సుంకాల పోరు 2018లో మొదలైనది మొదలు, చైనాను వీడజూచు కంపెనీలను పిలుచుటకు మన ప్రభుత్వములు పోటీపడుచున్నవి. 2020 ఏప్రిల్ 1న కేంద్రము సెల్‌ఫోన్ల తయారీకి, పెరిగిన అమ్మకాలపై నూటికి 4 నుండి 6 రూపాయల ప్రోత్సాహకము ప్రకటించినది. అదే నెల 17న సరిహద్దు దేశాల పెట్టుబడికి ముందస్తు అనుమతి తప్పనిసరి చేసినది. (గల్వాన్ ఘర్షణ అప్పటికింకను జరుగలేదు, అది జూన్ మాట.) హైదరాబాదు మేఘా సంస్థతో చైనా బి.వై.డి. తలపెట్టిన కార్ల కర్మాగారము 2023లో ఆ అనుమతి వద్దనే ఆగినది.

నగదు ప్రోత్సాహకమును నేను తప్పుపట్టను. సరకు అమ్మిన పిదపనే దాని చెల్లింపు, లెక్క అడుగవచ్చును. భూమి సంగతి వేరు. దానిని ముందే ఇయ్యవలెను, ఇచ్చువాడు రైతు. వికారాబాదు జిల్లా లగచర్లలో ఔషధ పరిశ్రమలకై భూసేకరణ తలపెట్టగా 2024 నవంబరులో ప్రజలు తిరుగబడిరి, అరెస్టులు జరిగినవి. నెల తిరుగకముందే ఆ ప్రకటన రద్దై, పారిశ్రామిక పార్కు మాట వచ్చినది. ఆ భూమి విదేశీయులకే యని చెప్పరాదు. కాని కంపెనీ ఏ దేశపుదైనను అడుగునది ఈ నేలనే.

ఇక్కడికి సమీపముననే పండు తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించినది. అందులకు చూపిన కారణము నల్లరేగడి, దాని క్రిందనున్న సున్నపురాయి.